నూకమ్మ చేతిలో చేప

సిద్ధగోరా పేటలో నూకమ్మ అనే ఇల్లాలి కుడిచేతిలో, మణికట్టుకీ మోచేతికీ మధ్య, ఒక బంగారు చేప దాదాపు ఏడాది కాపురం చేసింది. అది తోక ఆడిస్తే ఆవిడ గాజులు గలగలమనేవి. దానికి ఆకలేస్తే ఆవిడ వేళ్లు వాటంతటవే అన్నం గిన్నె వైపు పాకేవి.

నమ్మకం కుదరలేదా? సరే, కొంచెం తగ్గిద్దాం. చేపంటే తలా తోకా ఉన్న నిండు చేప కాదు, చేపకొచ్చిన రోగం. గాజుల సంగతి కూడా వదిలేద్దాం. రోగం మాత్రం అచ్చంగా చేపదే. చేప ఒంట్లో పెరిగి, చేప నీళ్లలో ఈది, నూకమ్మ వేలిలోంచి ఎక్కి, అక్కణ్ణించి మోచేతి వైపు ఎదురీదింది. ఇక్కణ్ణించి తగ్గించవలసినదేమీ లేదు.

నూకమ్మకి అసహ్యం ఎక్కువ. కొందరు కోపంతో పుడతారు, కొందరు నవ్వుతో పుడతారు, ఆవిడ ముక్కు చిట్లించుకుంటూ పుట్టింది. పాలవాడి వేలు కొలపాత్రలో మునిగిందంటే ఆ పూట పాలు వీధికుక్కకి. చుట్టాలింట్లో మంచినీళ్లిస్తే గ్లాసుని వెలుతురుకి పట్టి, అంచు చుట్టూ చూసి, దాహం లేదనేది. ఆవిడ వంటగదిలో బొగ్గుల పొయ్యి బూడిద జల్లించి డబ్బాకెత్తి ఉండేది. ఆ బూడిదా కొబ్బరి పీచూ పట్టుకుని తోమడం మొదలెడితే ఇత్తడి చెంబు బంగారమయ్యేది. చేతులు మాత్రం ఎండిన మడిలా పగుళ్లు తీసేవి.

ఆ అసహ్యం వల్లే ఆవిడకి ఊళ్లో ఒక పదవి దక్కింది. పక్కనే భుయ్యాడీహ్‌లో నది ఒడ్డున పోలమ్మ గుడి ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఉత్తరాది ఊరికి ఇనుము కార్ఖానా పనికి వచ్చిన మొదటి తరం వాళ్లు తమతో తెచ్చుకున్న తల్లి. ఏటా వైశాఖంలో ఆవిడకి చద్ది పెడతారు. రాత్రి వండి నీళ్లు పోసిన అన్నంలో పొద్దున్నే పెరుగు, ఉల్లిపాయ, ఉప్పు వేసి గంగాళంలో కలుపుతారు. గరిటె పెట్టకూడదు. ఊరంతా ఇనుము మీద బతికినా ఇనుము తగిలిన చద్ది ఆ తల్లికి పనికిరాదు. ఒకే ఒక్క ఆడమనిషి, ఒట్టి చేత్తో, మోచేతి దాకా ముంచి కలపాలి. ఆ చెయ్యి కలిపినదే అమ్మవారికీ, తరవాత వాడంతటికీ. అలాంటి చోట ఎవరి చెయ్యి పెట్టిస్తారు? నూకమ్మదే. పెళ్లయి వచ్చిన కొన్నాళ్ల నుంచీ ఆవిడదే. పట్టుచీరకీ నగలకీ ఏనాడూ ఆశపడని మనిషి ఆ గంగాళం కోసం మాత్రం ఏడాదంతా ఎదురు చూసేది.

ఆసియా క్రీడలు జరిగిన ఏడు, దసరా వెళ్లాక, ఆవిడ మొగుడు అప్పన్న రిక్షాలో ఒక గాజు తొట్టె వేసుకుని వచ్చాడు. అప్పన్న కార్ఖానాలో క్రేను నడిపేవాడు. సోనారిలో ఉండే అతని పై ఆఫీసరుకి బదిలీ అయితే, సామాన్లలో పగిలిపోతుందని తొట్టెని చేపలతో సహా ఇతనికి ఇచ్చేశాడు.

నూకమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"ఏటిది?"

"అక్వేరియం."

"నానడిగింది పేరు కాదు. ఆ వాసనేటి?"

"నీళ్లే, ఇంకేటి."

"నీళ్లకి వాసనుంటాదా మావా? మేజోళ్లు నానబెట్టి మర్సిపోనట్టుంది."

అప్పన్న తొట్టెని కిందికి దింపలేదు. గుండెకి ఆనించి పట్టుకున్నాడు. "పొద్దల్లా మంటే సూత్తన్నానే. కరిగిన ఇనుము సూసి సూసి కళ్లు మూసుకున్నా ఎర్రగానే కనబడతంది. ఇంటికొచ్చి కాసేపు సల్లగా నీళ్లు సూసుకుంటాను. ఇంకేటీ అడగను."

ఆ మాటకి ఆవిడ పక్కకి తప్పుకుంది. జన్మలో అంత పెద్ద తప్పు ఆవిడ ఇంకొకటి చెయ్యలేదు.

వారం తిరక్కుండా గాజుకి లోపల పచ్చటి జిగురు పట్టింది, జలుబు చేసినవాడి చేతిగుడ్డలా. చేపలు తమ పెంటలోనే తిరిగి, అదే నోట్లోకి తీసుకుని, రుచి చూసి ఉమ్మేసేవి. వాటి తిండి ఇంకో నరకం. భుయ్యాడీహ్ మురికినాలాలో బురద దేవి, కడిగి, ఎర్రటి పురుగులు తెచ్చేవాడు అప్పన్న. దారప్పోగుల్లా సన్నగా ఉండి, ముద్దగా చుట్టుకుని, ఆ ముద్ద మొత్తం ఊపిరి తీస్తున్నట్టు పొంగుతూ తగ్గుతూ ఉండేది. నీళ్లు బొట్టుబొట్టుగా పడుతూ ఉండకపోతే అవి చచ్చిపోతాయి. అంచేత వాటి గిన్నె స్నానాల గదిలో కొళాయి కింద కాపురం పెట్టింది. ఒకనాడు కళ్లకి సబ్బు నురగ పట్టి, తడుముకుంటూ చెంబు అనుకుని ఆ గిన్నె ఎత్తి భుజం మీద పోసుకుంది నూకమ్మ. ఆ కేక విని పక్క క్వార్టరు గౌరీదేవి పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏటైంది వదినా? పామా?"

"పామైతే బాగుణ్ణు!" అంది లోపల్నించి నూకమ్మ.

నీళ్లు మార్చేటప్పుడు అప్పన్న రబ్బరు గొట్టం ఒక కొన తొట్టెలో పెట్టి, రెండో కొన నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. ప్రతిసారీ ఒక పుక్కిలి గోధుమరంగు నీళ్లు నోట్లోకి వచ్చేవి. ఉమ్మేసి, మూతి తుడుచుకుని, "కొంచెం ఉప్పగా ఉన్నాయే" అనేవాడు. ఆ రోజుల్లో నూకమ్మ అతనికి చాప వేరుగా పరిచేది.

చలి ముదిరాక చేపలకి జబ్బు చేసింది. ఒకదాని పక్కటెముకల దగ్గర ఎవరో చెంచాతో తవ్వి తిన్నట్టు గుంట పడింది. ఒకదాని కన్ను ఉబికి బయటికి వేలాడింది. ఇంకోటి కడుపు ఉబ్బి, పొలుసులు నిక్కపొడుచుకుని, వెల్లకిలా తేలుతూ ఇంకా బతికే ఉంది. మిగతావి దాన్ని అంచుల నుంచి కొరుక్కు తింటున్నాయి. అప్పన్న ఆ పక్కనే కూచుని టీ తాగుతున్నాడు. "పాపం, నలతగా ఉన్నట్టున్నాయి."

ఆ తొట్టెని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న నూకమ్మ ఆ క్షణంలో ఒట్టు తీసి గట్టున పెట్టింది. అంత మురికిని ఇంట్లో పెట్టుకుని నిద్రపోవడం ఆవిడ వల్ల కాలేదు. అప్పన్న కడిగితే అది కడగడం కాదు, మురికిని కదపడం. అందుకని చేపల్ని బకెట్లోకి మార్చి, చీర దోపి, మోచేతుల దాకా తొట్టెలోకి ముంచి, అడుగున ఉన్న గులకరాళ్లని గుప్పిళ్లతో రుద్దింది. గాజుని పీచుతో, బూడిదతో తోమింది. తొట్టె మూల పెచ్చు ఊడిన చోట గాజు పలుకు చూపుడువేలికి గీసుకుంది. అయినా ఆపలేదు. పళ్లు బిగించి, ముఖం పక్కకి తిప్పుకుని, "ఛీ... ఛీ..." అంటూ తోమింది. ఆ చలికాలమంతా వారంవారం తోమింది. ఇంట్లో వేరెవరికీ రాని రోగం ఆవిడకి వచ్చిందంటే, అంత శుభ్రంగా కడిగిన మనిషి వేరెవరూ లేరు గనక.

మొదట చూపుడువేలి మీద శనగగింజంత ఎర్రటి బొడిపె లేచింది. నొప్పి లేదు, దురద లేదు. అది నీలంగా మారి చితికేలోగా మణికట్టు మీద ఇంకోటి. తరవాత దానిపైన ఇంకోటి. ఒకదాని వెనక ఒకటి, దారానికి గుచ్చినట్టు, మోచేతి వైపు వరసగా ఎక్కుతున్నాయి.

గౌరీదేవి ఆ చెయ్యి చూసి చేతులు జోడించింది. "ముత్యాలు వదినా! అమ్మవారే! సూడు, దండలా ఎలా కట్టిందో!"

నూకమ్మకి ఒళ్లు జలదరించింది, సంతోషంతో. ఏటేటా తనకి చద్ది కలిపిన చేతినే తల్లి ఏరుకుంది! అమ్మవారు పోసిన చేతికి మందు రాయకూడదు, డాక్టరుకి చూపించకూడదు. వేపాకు కట్టింది, పసుపు పూసింది, ఇంట్లో తాళింపు ఆపింది. సిద్ధగోరా ఆడవాళ్లు పసుపునీళ్లు తెచ్చి ఆవిడ కాళ్ల మీద పోసి, ఆ చేతిని కళ్లకద్దుకున్నారు. మామూలుగా అయితే ఎవరైనా ముట్టుకుంటే గిజగిజలాడే మనిషి అప్పుడు కుర్చీలో నిటారుగా కూచుని అందరిచేతా దణ్ణాలు పెట్టించుకుంది. కడిగించుకున్న కాళ్లని లోపలికెళ్లి మళ్లీ కడుక్కుందనుకోండి, అది వేరే సంగతి.

అమ్మవారు వస్తే కొన్నాళ్లుండి చల్లబడి వెళ్లిపోవాలి. ఈవిడ వెళ్లలేదు. ముత్యాలు చితికాయి. పసుపూ రసీ కలిసి గట్టిపడి, వేపాకుల కింద నుంచి ఒక వాసన రాసాగింది. నూకమ్మకి అది తెలిసిన వాసనే. ఎక్కడిదో మాత్రం గుర్తుకు రాలేదు. దణ్ణాలు పెట్టేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. కొళాయి దగ్గర ఒక మాట పుట్టింది. పెద్దరోగమట. వేళ్లు రాలిపోయే రోగమట.

ఒక పండగనాడు గౌరీదేవికి గారెలు పంపింది నూకమ్మ. సాయంత్రం చెత్త పారెయ్యడానికి వెళ్తే, కుప్ప మీద ఆ గారెలే ఉన్నాయి. ఒక పంది వాటిని మూతితో పొర్లించి, నమిలి, తల ఎత్తి ఆవిడకేసి చూసింది. నూకమ్మ వెనక్కి తిరిగేసరికి కిటికీలో గౌరీదేవి నిలబడి ఉంది. ముక్కు కొంచెం చిట్లించి, చూపు కొంచెం పక్కకి తిప్పి. అది నూకమ్మ చూపే. ఇన్నేళ్లూ ఊరందరినీ తను చూసిన చూపు. అది తన మీద పడితే ఎలా ఉంటుందో ఆవిడకి మొదటిసారి తెలిసింది.

మర్నాడు అప్పన్నతో పెద్దాసుపత్రికి వెళ్లింది. చర్మం డాక్టరు భీమారావు బొబ్బిలి వైపు మనిషి. చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. సూది గుచ్చి, "తెలుస్తోందా అమ్మా?" అని అడిగాడు. స్పర్శ పోలేదు. బొడిపెల వరస మీద వేలితో గాలిలోనే గీత గీశాడు.

"పెద్దరోగం కాదు. భయపడకండి. మీ ఇంట్లో చేపలు పెంచుతారా?"

అప్పన్న నోరు తెరిచాడు. నూకమ్మ అతని కాలు తొక్కింది.

"సేపలా? ఛీ! మా ఇంట్లోనా?"

"గాజు తొట్టె లాంటిది..."

"నేదు బాబూ. నాను ఉల్లిపాయ తొక్కే గుమ్మంలో ఉండనివ్వను."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు చేపల తొట్టె కడిగే ఒకతని చేతికి అచ్చం ఇలాగే చూశాను. అది కాకపోతే ఇంకేదో. దేనికి మందివ్వాలో తెలియకుండా ఇస్తే ఈ చెయ్యి పాడవుతుంది. ఆలోచించుకుని రండి."

ఇంటికొచ్చాక అప్పన్న బతిమాలాడు. "సెప్పెయ్యే, సెయ్యి పోతాది."

"పెద్దరోగమంటే దేవుడిచ్చింది. సేపల పెంటలో సెయ్యి పెట్టి తెచ్చుకున్నానంటే? ఆ సేతిని గంగాళంలో పెట్టనిత్తారా ఎవులైనా? నువ్వు ఎవులికీ సెప్పనని నా మీద ఒట్టెయ్యి."

అప్పన్న ఒట్టు వేశాడు. మాట తప్పే మనిషి కాదు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లిన రోజు అతను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తన స్టీలు కేరేజీ తీసి డాక్టరు బల్ల మీద పెట్టి, మూత విప్పాడు.

గదిలో ఉన్న ఆయా, "ఛీ, కిత్నా గందా!" అంటూ ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. కేరేజీలో, నూకమ్మ పొద్దూ సాయంత్రం తోమి అద్దంలా పెట్టుకునే పై గిన్నెలో, ఒక బంగారు చేప పడుకుని ఉంది. చచ్చి రెండు పూటలైంది. పక్క గుంటలోంచి తెల్లటి ముద్ద బయటికి వచ్చి, కన్ను జారి గిన్నె అంచుకి అంటుకుని ఉంది.

"ఓలమ్మో, నా కేరేజీ!" అని అరిచింది నూకమ్మ. అప్పుడే ఆ వాసన ముక్కుకి తగిలింది. చేతి గుడ్డలోంచి ఇన్నాళ్లూ వచ్చిన వాసన. కేరేజీ కేసి ఒకసారి, చేతి కేసి ఒకసారి చూసింది. తరవాత డాక్టరుగారి చెత్తబుట్టలో వాంతి చేసుకుంది.

డాక్టరు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు. బొడిపెలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించి, అనుకున్నదే అని తేల్చాడు. ఆ సూక్ష్మజీవి క్షయ జాతిదే కాని చేపలకి వచ్చే రకం. నీళ్లలో ఉంటుంది, గాయం ఉన్న చెయ్యి ముంచితే ఎక్కుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. నెలల తరబడి మాత్రలు వాడాలి, ఒక్క పూట మానకూడదు.

ఆ మాత్రలు వేసుకున్న మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వచ్చింది. ఏడిస్తే కన్నీళ్లు కూడా ఆ రంగే. మందు రంగే అది, భయం లేదని డాక్టరు ముందే చెప్పాడు. అప్పన్న మాత్రం ఇంకోలా చెప్పాడు: "సేప కరిగి పోతందే."

నూకమ్మ తొట్టెని రోకలితో బద్దలు కొట్టి, ఫినాయిలు పోసి, దొడ్లో గొయ్యి తీసి పూడ్చింది. కేరేజీని కూడా అందులోనే పూడ్చింది.

ఆ వైశాఖంలో చెయ్యి కట్టులోనే ఉంది. చద్ది గౌరీదేవి కలిపింది. అప్పన్న ప్రసాదం ఆకులో తెచ్చి పెడితే నూకమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలిక మీద ఏదో చుట్టుకుంది. పట్టుకుని లాగింది. వస్తూనే ఉంది. ఆముదం రాసిన పొడుగాటి వెంట్రుక, పెరుగు బొట్లు పూసల్లా పట్టుకుని, గొంతులోంచి బయటికి వచ్చింది. ఆ రోజల్లా ఆవిడ ఏమీ తినలేదు.

పై ఏడాదికి పుళ్లు మానాయి. తెల్లటి మచ్చలు మాత్రం వరసగా మిగిలాయి. చద్ది రోజు నూకమ్మ తలంటుకుని, తడిచీరతో గుడికి వెళ్లింది. గుడి పెద్ద తవిటయ్య, కార్ఖానాలో రిటైరైన మేస్త్రీ, గంగాళం పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"నూకమ్మా, నీ సెయ్యి బాగుంది, నాను సూత్తన్నాను. కానీ జనం పెద్దరోగమనే అంటన్నారు. కాదా? మరేటి? తల్లి ముందు ఒక్క మాట సెప్పు. గంగాళం నీది."

ఒక్క మాటే. చేప. నూకమ్మ కొంగుని మచ్చల మీదికి లాక్కుంది. అప్పన్న ఒట్టు వల్ల నోరు కట్టేసుకుని, ఎండలో చెమటలు కక్కుతూ, నేలకేసి చూస్తున్నాడు. వెనక ఎవరో గొణిగారు: "సెప్పడానికి లేదంటే అదే కదా మరి."

"పోనీ, పొద్దెక్కిపోతంది. గౌరీ, నువ్వు రా" అన్నాడు తవిటయ్య.

గౌరీదేవి ముందుకొచ్చింది. ఉక్కగా ఉంది. తలలో గోరు పెట్టి ఒకసారి బరబరా గోక్కుంది. ఆ గోటి కొస చూసుకుని, బొటనవేలితో ఏదో చిదిమింది. కారుతున్న ముక్కుని మణికట్టుతో అడ్డంగా తుడుచుకుంది. చీర పక్కకి దోపి, అదే చేతిని తెల్లటి పెరుగన్నం మీదికి దించబోయింది.

"తియ్యే ఆ సెయ్యి!"

నది అవతలి ఒడ్డుకి వినబడి ఉంటుంది ఆ కేక.

"అవును, సేపలే! మా ఇంట్లో సేపలున్నాయి, కుళ్లిపోనాయి! వాటి పెంటలో మోసేతి దాకా ముంచి కడిగినాను, వాటి రోగమే నాకొచ్చింది! మూడు రేవుల్లో తోమినా పోదు ఆ కంపు! సాలా? ఇంక లెగు అక్కణ్ణించి, ముక్కు తుడుసుకున్న సెయ్యీ నువ్వూనూ!"

తవిటయ్య మెల్లిగా అడిగాడు.

"సేపలకేటి పెట్టేవోళ్లు?"

"పురుగులు!"

"పురుగులు కూడానా?"

"నాలాలోవి! కొళాయి కింద పెట్టుకునేవోళ్లం! ఇంకేటైనా కావాలా మావయ్యా?"

"వద్దులే అమ్మా" అన్నాడు తవిటయ్య. కర్ర పక్కకి తీశాడు.

గౌరీదేవి చెయ్యి చీరకి తుడుచుకుంటూ, "మరి గారెలు పందికేసినానే" అని గొణిగి పక్కకి జరిగింది. నూకమ్మ చేతిని బూడిదతో తోముకుని, కడుక్కుని, మళ్లీ తోముకుని, మచ్చలన్నీ మునిగేలా గంగాళంలోకి దించింది. ఆ ఏడు గంగాళం నాకినట్టు ఖాళీ అయింది. అందరికంటే ముందు ఆకు పట్టింది తవిటయ్యే. పట్టేముందు ఒకసారి కళ్లు మూసుకున్నాడు, భక్తితోనో మరి దేంతోనో.

తరవాత ఎన్నో వైశాఖాలు ఆ గంగాళం ఆవిడ చేతిదే. అప్పన్నకి మాత్రం అప్పుడప్పుడు మనసు ఆగదు. కొత్తగా ఎవరైనా ఇంటికొస్తే భార్య చేతి మీది మచ్చల వరస చూపించి చేప కథ మొదలెడతాడు. ఆవిడ వంటింట్లోంచి తల కూడా తిప్పదు.

"గారెలేత్తంటే నూనె సిందింది."

"గుళ్లో అందరి ముందూ సెప్పినావు కదే!"

"నాను గుళ్లో దణ్ణం పెట్టుకుంటాను, కబుర్లు సెప్పను. మా ఇంట్లో ఏనాడూ సేపల్లేవు. తొట్టీ లేదు, పురుగుల్లేవు, కేరేజీ ఎవులో ఎత్తుకుపోనారు. ఈ మావకి సిన్నప్పట్నించీ నీళ్లంటేనే బయం. ఏటి సేపలు?"